అడుగుల చప్పుడు పోయిన ఆట

మా ఇంట్లో సౌండ్ బాగాలేదని చెబితే చాలు, వెంటనే వాల్యూమ్ పెంచేస్తారు. మా ఇల్లొక్కటే కాదు, మెదక్‌లో ఎక్కడైనా అంతే. పెళ్లి బారాత్‌లో డీజే బాక్సుల దెబ్బకి కిటికీ అద్దాలు వణికితే "మస్తు సౌండ్" అని మెచ్చుకునే జనం మాది. సౌండ్ బాగుండటమంటే గట్టిగా ఉండటం కాదని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది.

నాకు చూపు లేదు. ముప్పై దాటాక కొద్దికొద్దిగా మసకబారి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఇంటి ముందు గదిలో మా ఆయన పిండి గిర్ని నడుపుతారు. అది తిరుగుతున్నంతసేపూ పక్కన ఎవరు నిలబడ్డా నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనానికి ఆపితే అప్పుడు బతికినట్టుంటుంది. ఆ వేళలోనే నేను ఫోన్‌లో ఆట ఆడుకునేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి. నలభై దాటిన ఆడమనిషిని, చూపు లేనిదాన్ని, వీడియో గేమ్ ఆడేదాన్ని.

ఈ పిచ్చి నాకు అంటించింది కౌడిపల్లిలో ఉండే మా చెల్లెలు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు అది పక్కన కూర్చుని ఆడుతుంటే, ఏమిటా చప్పుళ్లని అడిగాను. ఇయర్‌ఫోన్లు తీసి నా చెవుల్లో పెట్టింది. పాడుబడ్డ కోటలో ఒకరు దాక్కుంటారు, ఇంకొకరు వెతికి పట్టుకోవాలి, అంతే ఆట. దాక్కున్నవాళ్లు కూడా ఒకచోట కూర్చోకుండా మెల్లగా జరుగుతూ ఉండాలి. రాతి మీద నడిస్తే ఒక చప్పుడు, ఎండుటాకుల మీద ఇంకొకటి, నీళ్లలో మరొకటి. ఎడమవైపు ఉంటే ఎడమ చెవిలో, దూరంగా ఉంటే సన్నగా. గోడ దగ్గరికి వస్తే నా అడుగుల చప్పుడే మారిపోయేది. పరుగెత్తి ఆగిన మనిషి రొప్పు కూడా వినబడేది. ఎవరు చేశారో గానీ, ఆ చప్పుళ్లు చేసినవాళ్లకి దండం పెట్టాలి. నాలాంటిది ఒకతి ఆడుతుందని వాళ్లు అనుకుని ఉండరు. అయినా కళ్లున్నవాళ్లకి ఎంత తెలుస్తుందో నాకూ అంతే తెలిసేలా చేశారు.

రెండు వారాల్లో చెల్లెల్ని ఓడించడం మొదలుపెట్టాను. అది తన ఇంట్లో, నేను నా ఇంట్లో, ఆడుతూనే మాట్లాడుకునేవాళ్లం. "తొండి! ఇది తొండి అక్కా! నేనీడ ఉన్ననని నీకెట్ల తెలిసింది?" అని అరిచేది. "నీ అడుగులు బర్రె అడుగులే, మెదక్ దాకా ఇనబడ్తయ్" అనేదాన్ని. అలిగి ఫోన్ పెట్టేసేది. మర్నాడు గిర్ని ఆగీ ఆగగానే మళ్లీ తనే ఫోన్ చేసేది, "రా, ఇయ్యాల నీ పని చెప్త" అంటూ.

ఆ తిట్ల కోసమే నేను ఆడేదాన్ని. చిన్నప్పుడు మేమిద్దరం జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లం. నా చూపు పోయాక అది నాతో పోట్లాడటం మానేసింది. కూరలో ఉప్పు తక్కువైందంటే "అవునక్కా", ఉప్పు ఎక్కువైందన్నా "అవునక్కా". ఏ మాటకైనా చివరికి "నీ ఇష్టం అక్కా" అని ఊరుకునేది. అంత మంచితనం నాకు ఒంటికి పడలేదు. ఆట వచ్చాక నా పాత చెల్లెలు నాకు దొరికింది.

అంతలో ఆటకి అప్‌డేట్ వచ్చింది. చెల్లెలు మురిసిపోయింది. "అబ్బ, గడ్డి గూడ గాలికి ఊగుతున్నదక్కా! జర చూడు..." అని నాలుక కరుచుకుంది. నేను పట్టించుకోలేదు. నా బాధ వేరే. కోటంతా డప్పుల మోత పెట్టారు, ఒక్క క్షణం ఆగదు. దాని కింద అడుగులన్నీ ఒకేలా, రాతి మీదైనా నీళ్లలోనైనా అదే టపటప. రెండు చెవుల్లోనూ ఒకటే. సంగీతం ఆపుదామంటే దానికి వేరే మీట లేదు, మొత్తం చప్పుడే పోతుంది. ఎక్కడ ఉన్నానో తెలియక గోడలకి గుద్దుకుంటూ తిరిగాను. కళ్లు రెండోసారి పోయినట్టయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

మా ఆయనకి చెబితే సాయంత్రానికి తలకు పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చారు.

"దుకాణమాయన చెప్పిండు, మస్తు బేస్ ఉంటదట. ఛాతీ దడదడమంటది, పెట్టుకో."

"మీరు జర నేను చెప్పేది ఇనుండ్రి. సౌండ్ తక్కువ లేదు, ఆటలోనే ఖరాబు చేసిండ్రు."

"అయితే గింత పెంచరాదు?" అన్నారు.

ఆ మనిషితో ఏం చెప్పను? ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే డప్పులు నా పుర్రెలోనే మోగాయి. ఇక కంపెనీకే ఫిర్యాదు చేద్దామని ఫోన్‌కి నోటితో చెప్పి రాయించాను. నాకు చూపు లేదని, చెవులతోనే ఆడతానని, కనీసం సంగీతం ఆపే మీట వేరుగా ఇవ్వమని. జవాబు వచ్చింది. ఫోన్ దాన్ని చదివి వినిపించింది: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మా కొత్త దృశ్యాలు మీ కళ్లకి పండుగ చేస్తాయని ఆశిస్తున్నాం. ఫోన్‌ని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

అయినా ఆడుతూనే ఉన్నాను, రోజూ ఓడిపోతూ. చెల్లెలు తిట్టడం తగ్గించింది. తర్వాత ఒక మధ్యాహ్నం నేను గెలిచాను. వెంటనే ఇంకోసారి గెలిచాను. గుండె పొంగింది. మళ్లీ వెతికే వంతు నాకు వచ్చినప్పుడు చెవి రిక్కించి విన్నాను. డప్పుల మధ్య నుంచి "హుం... హుం..." అని గట్టిగా వినబడుతోంది. ఆటలో మనం నడిపే బొమ్మ ఎగిరినప్పుడు చేసే చప్పుడు అది. అప్‌డేట్ తర్వాత డప్పులను దాటి, ఏ వైపు నుంచో తెలిసేలా వినిపించేది అదొక్కటే. అటు వెళ్లాను. అక్కడే, ఒకే చోట, దాక్కోవలసిన చెల్లెలు, నేను వచ్చి తాకాలని ఎగురుతూనే ఉంది.

తాకలేదు. ఫోన్ మీంచి వేలు తీసేశాను.

"ఎందుకట్ల ఎగురుతున్నవ్?" అన్నాను.

ఎగరడం ఆపింది. "గెలిస్తే ఖుష్ అయితవనుకున్న."

"నేనడిగిన్నా? నాకు జాలి జూపిస్తున్నవా? నన్ను తిట్టు, తొండి అను, నీ చేతనైనట్టు ఓడగొట్టు!" నా గొంతుకి మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వచ్చారు. నేను ఆగలేదు. "గిట్లయితే నేనింక ఆడ. ఇయ్యాల్టితోటి బంద్!"

ఇప్పుడైనా అరుస్తుందని, నువ్వే తొండి అంటుందని, అలిగి ఫోన్ పెట్టేస్తుందని ఎదురుచూశాను. డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"నీ ఇష్టం అక్కా" అంది.