వర్జ్యం మావయ్యకి పడని ఓటు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడకకుర్చీలో వాలానో లేదో ఫోను కుయ్‌మంది. మా బంధువుల గ్రూపులో మేనకోడలు ఒక వీడియో పెట్టింది. పాతికేళ్ళ కిందటి టీవీ కామెడీ ముక్క. రంగులు వెలిసిపోయి, మధ్యమధ్యలో గీతలు పడుతూ ఉంది. గోడకి కేలెండరు, దాని ముందు పంచె కట్టుకున్న ఒక మనిషి. ఎడంచేత్తో చెవితమ్మె పట్టుకుని, కుడి చూపుడువేలు గడుల మీద జార్చుకుంటూ, పెదవులు కదుపుతూ చదివి, ఇటు తిరిగి "ఇంకో ముప్పావుగంట ఆగాలండి, వర్జ్యం ఉంది" అంటాడు. వెనకాల నవ్వుల కేసెట్టు. వీడియో కింద మేనకోడలు "అచ్చం తాతయ్యే" అని రాసింది. ఆ పిల్ల తాతయ్యని, అంటే మా నాన్నగారిని, చూసిందే లేదు. ఆయన పోయాక పుట్టింది. దానికి తెలిసిన తాతయ్య ఆ వీడియోలో వాడే. గ్రూపులో అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు, నేను ఏ బొమ్మా పెట్టలేదు. అరవై దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటున్నాను, అయినా ఆ రెండు మాటలు చదవగానే కడుపులో పాత మంట అలాగే లేచింది. దానికి ఏదైనా మర్యాదైన పేరు పెడదామని చాలా ఏళ్ళు చూశాను. దొరకలేదు. అది అసూయే.

వీడియోలో ఉన్నది మా బావ. మేనత్త కొడుకు, నా కంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న చిన్న వయసులో పోతే మా నాన్నగారు బావని తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచి చదివించారు. రాజోలు దగ్గర మా ఊళ్ళో, కొబ్బరితోట మధ్య పెంకుటింట్లో, ఒకే చాప మీద పడుకుని పెరిగాం. అమ్మ దిబ్బరొట్టె కాలిస్తే అంచున ఎర్రగా కాలి కరకరలాడే చెక్క ఎప్పుడూ బావకే. "తండ్రి లేని పిల్లోడురా" అనేది. తండ్రి ఉన్న పాపానికి నాకు మధ్యలో మెత్తటి ముక్క. ఇలాంటివి మరిచిపోయే రకం కాదు నేను. ఏ సంవత్సరం ఎవరికి ఏ చొక్కా గుడ్డ తెచ్చారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

నాన్నగారి వర్జ్యం గురించి కాస్త చెప్పాలి. రోజులో ఓ గంటన్నర మంచి పనికి పనికిరాదని అందరికీ తెలుసు. పెళ్ళికో ప్రయాణానికో అందరూ చూసుకుంటారు. మా నాన్నగారు క్షవరానికి కూడా చూసేవారు. కాయ దింపడానికి వచ్చినవాళ్ళు నడుముకి మోకు కట్టుకుని చెట్టు మొదట్లో నిలబడితే, ఈయన లోపలికొచ్చి కేలెండరు చూసి "ఆగండి బాబూ" అనేవారు. వీధిగుమ్మం పక్కన మేకుకి ఉండేది కేలెండరు. చీమ తలకాయంత అక్షరాలు అమ్మకి ఆనేవి కావు, అందుకని ఏ పనికైనా ఆవిడ వంటింట్లోంచి అడగడం, ఈయన వెళ్ళి చూడడం. ఒకసారి మలికిపురం నుంచి సైకిలు మీద వస్తూ, సరిగ్గా మా గేటు దగ్గరికి వచ్చేసరికి వర్జ్యం మొదలైందని గుర్తొచ్చి బయటే ఆగిపోయారు. అమ్మ గేటు మీంచి ఉప్మా పళ్ళెం అందించింది. ఆయన నిలబడే తిని, నిలబడే మంచినీళ్ళు తాగి, ఇంకా టైముందని దారే పోయేవాళ్ళతో లోకాభిరామాయణం పెట్టుకున్నారు. సొంతింటి ముందు చుట్టంలా ఆ గంటన్నరా గడిపి, అప్పుడు లోపలికి వచ్చారు.

ఆ సాయంత్రం బావ పెరట్లో అచ్చం ఆయనలా చెవి పట్టుకుని చదువుతూ మా అందర్నీ నవ్విస్తుంటే నాన్నగారు వెనకనుంచి చూసేశారు. వీపు పగలగొడతారని నేను లోలోపల సంబరపడ్డాను. ఆయన "ఏదీ, ఇంకోసారి చెయ్యరా" అన్నారు. బావ చేశాడు. నాన్నగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నా జన్మలో నేను ఆయన్ని అలా నవ్వించలేదు. మర్నాడు నేను కూడా కేలెండరు ముందు నిలబడి, చెవి పట్టుకుని, వేలు జార్చుకుంటూ చదివి చూపించాను. నాన్నగారు నా వంక కాసేపు చూసి "చెవి నొప్పా నాన్నా?" అని అడిగారు.

తర్వాత నేను కొబ్బరితోట చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాను. బావ హైదరాబాదు వెళ్ళి అక్కడా ఇక్కడా చిన్నచిన్న వేషాలు వేశాడు. తొంభైల చివర్లో మా ఊరికి కేబుల్ టీవీ వచ్చింది, బావకి వారం వారం వచ్చే కామెడీ కార్యక్రమం దొరికింది. అందులో ఆయన కట్టిన వేషం పేరు వర్జ్యం మావయ్య. అప్పటికి నాన్నగారు పోయి ఐదారేళ్ళు. మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. నా భార్యతో సహా అందరూ పగలబడి నవ్వారు. అమ్మ నవ్వలేదు. నాన్నగారే ఇంట్లోకి వచ్చినట్టు పైట భుజాల నిండా కప్పుకుని సర్దుకు కూర్చుంది. అయిపోయాక "మళ్ళీ ఎప్పుడేస్తాడంట?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఏ ఆదివారమైనా ఆ వేళకి కరెంటు పోతే ఆవిడ ముఖం చూడలేకపోయేవాణ్ణి. రోజంతా ఎదురుగా ఉండి, మోకాళ్ళకి తైలం తెచ్చి, స్కూటరు మీద డాక్టరు దగ్గరికి తిప్పేది నేను. ఆవిడ ఎదురుచూసేది పెట్టెలో పావుగంట కనిపించే మనిషి కోసం. ఒకరోజు ఉండబట్టలేక "మా నాన్నగారిని పట్టుకెళ్ళి హైదరాబాదులో అమ్ముకుంటున్నాడు" అని నా భార్యతో అన్నాను. "అమ్ముకోడం లేదండి, అత్తయ్యగారికి వారం వారం పంపిస్తన్నారు" అంది ఆవిడ.

రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకి, ఎండాకాలంలో ఎన్నికలు వచ్చాయి. బావ మా నియోజకవర్గంలో ఎమ్మెల్యేకి ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. టీవీ గుర్తు అడిగితే కుట్టుమిషను గుర్తు ఇచ్చారు. ఆ వార్త విని నేను చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. బావ మాత్రం పనిలోకి గట్టిగానే దిగాడు. మురుగుకాలవలు పూడిపోయి వానాకాలం చేలు మునిగిపోవడం, వేసవిలో ఉప్పునీరు ఎగదన్నడం, అన్నీ ఊరూరా తిరిగి తెలుసుకుని కాగితం మీద రాసుకున్నాడు. మా ఇంటి ముందే జీపు ఆపి మైకు పట్టుకున్నాడు. ఇసక వేస్తే రాలనంత జనం. "కాలవలో ఈ ఏడు గునపం పడిందా?" అన్నాడు. నవ్వారు. "నవ్వుమాట కాదండి, మన చేలు పోతున్నాయి" అన్నాడు. ఇంకా నవ్వారు. వెనకనుంచి ఎవరో "వర్జ్యం ఎప్పుడండీ?" అని అరిచారు. బావ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం గేటు దగ్గరనుంచి నేను చూశాను. అప్పుడు నా గుండెల్లో చల్లగా ఉందని ఒప్పుకోవాలి. ఆ వెంటనే బావ చెవి పట్టుకున్నాడు. ఊరంతా గోలపెట్టి నవ్వుతుంటే పక్కింటి పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి "అచ్చం మీ నాన్నగారేనండి. కన్నకొడుకు, మీకు రాలేదేంటండీ?" అన్నారు. "ఆయ్" అని తలూపాను.

జీపు దిగి బావ లోపలికొచ్చాడు. అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి ఆవిడ పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"అత్తయ్యా, జనం వస్తన్నారు, నవ్వుతున్నారు. వేస్తారో లేదో తెలీడం లేదు. నువ్వు మాత్రం వెయ్యాలి. నీ చేత్తో ఓటు పడితే మావయ్య వేసినట్టే నాకు."

"ఎందుకు వెయ్యను నాన్నా. తప్పకుండా వేస్తాను" అంది అమ్మ.

పోలింగు రోజు నేను ఏడింటికే వెళ్ళి వేసి వచ్చాను. కుట్టుమిషను వంక ఒకసారి చూసి, దాని కిందున్న ఇంకో గుర్తు మీట నొక్కాను. ఇంటికొచ్చేసరికి అమ్మ తలస్నానం చేసి, బావ పెట్టిన నీలంచీర కట్టుకుని, ఓటరు చీటీ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆవిడ పూజ కూడా ముగించేసరికి పదిన్నర అయింది. ఓట్లు వేసే బడి ఊరి చివర ఉంది, ఆవిడ మోకాళ్ళతో నడవలేదు, నా స్కూటరు మీద వెళ్ళాల్సిందే. నేను తాళంచెవి తీసుకున్నాను. "వర్జ్యం చూడు నాన్నా, మంచి పని మీద వెళ్తున్నాం" అంది.

నాన్నగారు పోయాక ఆ పని నా మీద పడింది గానీ నేను ఏనాడూ కేలెండరు దగ్గరికి వెళ్ళి చూడలేదు. ఉన్నచోటినుంచే "మంచిదేలే, పద" అనేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం వెళ్ళి నిలబడ్డాను. వర్జ్యం రాత్రికి ఉంది. ఆ గడి చూస్తూ, వెనకాల ఆ నీలంచీర గరగర వింటూ, నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "ఇప్పుడే వచ్చిందమ్మా. పన్నెండు దాటాలి" అన్నాను. ఆవిడతో అబద్ధం ఆడే అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. అమ్మ గడియారం కింద పీట వేసుకుని కూర్చుంది.

ఒంటిగంటకి "ఇంకోసారి చూడు నాన్నా" అంది. అనుమానం వచ్చిందనుకున్నాను. మళ్ళీ వెళ్ళి నిలబడి, ఈసారి దుర్ముహూర్తం అన్నాను. మూడున్నరకి మళ్ళీ అడిగింది. మళ్ళీ చదివాను, రాహుకాలం అన్నాను. ఏ వారానికి ఆ వేళకే, రోజుకి ఒక్కసారే వచ్చే రాహుకాలాన్ని నా ఇష్టమొచ్చిన చోట పెట్టేశాను. అయిదింటికి పోలింగు ఆగిపోయింది. అమ్మ చీటీ మడిచి కేలెండరు వెనక దోపి, లోపలికెళ్ళి చీర మార్చుకుంది. నేను గెలిచాను. ఎవరి మీద గెలిచానో మాత్రం తెలియలేదు.

మూడో రోజు హైదరాబాదు వెళ్ళిపోతూ బావ వచ్చాడు. లెక్కింపు ఇంకా కాలేదు గానీ ఆయనకి తెలిసిపోయింది. "డిపాజిట్టు రాదు బావా" అన్నాడు నాతో మామూలుగానే. అమ్మ దిబ్బరొట్టె పెట్టింది, ఎర్రటి చెక్క ఆయనకే పెట్టింది. నాకు ఆ రోజు కోపం రాలేదు.

"ఎవరు వేసేరో ఎవరు వెయ్యలేదో గానీ, అత్తయ్య ఓటు మాత్రం నాదే" అన్నాడు.

"వేసేను నాన్నా. నీకే" అంది అమ్మ. ఎడంచెయ్యి పైటలో ఉంది.

జనం చేతులు, చెవులు, నడకలు చూసి బతికే మనిషి ఆయన. పైట వంక చూశాడు. తర్వాత పళ్ళెం పక్కన ఉన్న నా చూపుడువేలి మీది సిరాచుక్క వంక చూశాడు. ముక్క తుంచి చట్నీలో అద్దుకున్నాడు. "మావయ్యని చేసి చూపించమంటావా అత్తయ్యా?" అన్నాడు.

"వద్దు నాన్నా. మొన్ననే చూసేను" అంది.

ప్రచారం రోజు గురించి అనుకున్నాడు బావ. నేనూ అదే అనుకున్నాను. ఆయన కారు మలుపు తిరిగాక ఇంక మోయలేకపోయాను. గుమ్మంలోనే నిలబడి "అమ్మా, ఆ రోజు పగలు వర్జ్యం లేదు" అన్నాను.

"తెలుసు. పొద్దున్నే టీవీలో చెప్పేరు, రాత్రి ఎనిమిది దాటేకని."

"మరెందుకు ఊరుకున్నావు?"

అమ్మ పళ్ళాలు తీస్తూ, నా వంక చూడకుండా చెప్పింది. "నువ్వు అక్కడ నుంచుని చెవి పట్టుకున్నావురా. మీ నాన్నగారే నుంచున్నట్టుంది. వాడు చేస్తే జనం నవ్వుతారు, ఆ నవ్వుల్లో ఆయన నాకు సరిగా కనపడరు. నువ్వు ఎవర్నీ నవ్వించడానికి చెయ్యలేదు కదా. అందుకే ఇంకోసారి చూడమన్నాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "పాపం, వాడికే అన్యాయం చేసేం" అంది.

చేసేం అంది, చేసేవు అనలేదు. బావ ఆ తర్వాత ఎన్నికల జోలికి పోలేదు, నన్ను ఆ ఓటు గురించి ఒక్కమాట అడగలేదు. నేనూ చెప్పలేదు. అమ్మ పోయి ఇప్పటికి పన్నెండేళ్ళు. వీడియో ఇంకోసారి చూశాను. బావ బాగా చేశాడు, ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. నేను చేసినప్పుడు ఎలా ఉందో చెప్పగలిగిన మనిషి ఒక్కతే, ఆవిడ లేదు. ఆ రోజంతా అయిదు ఎప్పుడవుతుందా అని నేను గడియారం వంక చూస్తూ గడిపాను. అదే గడియారం కింద కూర్చుని, అయిదు కాకుండా ఉంటే బాగుండునని అమ్మ నా వంక చూస్తూ గడిపింది.