ఫైటర్ చేపకు పక్కింటి అక్క ఇచ్చిన మందు

నా చిన్నప్పుడు నా చేతికి చిక్కిన ప్రాణికి సుఖం లేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. అబద్ధమేమీ కాదు. బజారులో కొన్న గులాబీరంగు కోడిపిల్లను రెండు రోజులు అరచేతుల్లోంచి కింద దించకుండా ముద్దు చేశాను. మూడో రోజు పొద్దునకు అది లేదు. "ఇగ ఈ ఇంట్లకు పాణమున్నది ఏది తెచ్చినా నేను ఊకోను" అని మా అమ్మ తేల్చి చెప్పింది. నాకు టైఫాయిడ్ తగ్గాక మా నాయన ఉప్పల్ నుంచి ఒక ఫైటర్ చేపను తెచ్చాడు. అప్పుడు చూడాలి అమ్మ మొహం! నాయన మాత్రం ఆ గాజు సీసాను నా ముందు పెట్టి, "ఇది నీ జిమ్మ బిడ్డా, నువ్వే సూసుకోవాలె" అన్నాడు. ఇది కూడా పోతే ఇంకే ప్రాణినీ నా దగ్గరకు రానివ్వరని నాకు బాగా తెలుసు.

అప్పుడు మేము నాచారంలో ఉండేవాళ్ళం. నాలుగు వాటాలకు ఒకటే నల్లా, అందులోనూ రోజు విడిచి రోజు నీళ్ళు. నీళ్ళొచ్చిన పూట ఇంట్లో బిందెలూ బకెట్లూ అన్నీ బోర్లించి, చింతపండు పెట్టి తోమి, మళ్ళీ నింపాల్సిందే. నిలవ నీళ్ళు చూస్తే అమ్మకు ఒళ్ళు మంట. నేనూ ఆమె కూతుర్నే కదా! బిందెలతో పాటు నా చేప సీసానూ ఖాళీ చేసి, సబ్బుపొడితో తళతళలాడేలా తోమి, బ్లీచింగ్ వాసన గుప్పుమనే కొత్త నీళ్ళు పట్టేదాన్ని. చిక్కిపోతుందేమోనని పూటకు నాలుగు మెతుకులు కూడా వేసేదాన్ని. నా అంత బాగా చూసుకునేవాళ్ళు ఈ లోకంలో లేరని నా నమ్మకం.

నెల తిరక్కుండానే చేప రంగు వెలిసిపోయింది. విసనకర్రలా విచ్చుకునే నీలిరంగు తోక అంచులు చిరిగి పీలికలైంది. తిండి మానేసి అడుగునే పడి ఉండేది. శుభ్రం చాలలేదనుకుని, నల్లా వచ్చేదాకా ఆగలేక, బోరింగు కొట్టి మరీ రోజూ నీళ్ళు మార్చాను. ఒకనాడు అది పక్కకు ఒరిగిపోయింది. సీసాను అమ్మ కంటపడకుండా పావడాలో దాచుకుని పక్కింటి అక్క దగ్గరకు పరుగెత్తాను.

ఆ అక్క హబ్సిగూడలో ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడిగే పని చేసేది. ఆమె కిటికీలో పచ్చటి పాకురు పట్టిన తొట్టి ఒకటుండేది. అందులో అద్దంలాంటి చిట్టి రొయ్యలు, లోపలి పేగు కూడా కనబడేంత పల్చటి ఒళ్ళు. పగలంతా సీసాలు కడిగే మనిషి సొంత తొట్టిని ఏనాడూ కడగదని, దీపం కిందనే చీకటని మా అమ్మ నవ్వేది.

అక్క నా చేపను చూసింది. నీళ్ళు వాసన చూసి, ఎన్ని రోజులకొకసారి కడుగుతావని అడిగింది. రోజూ అని గొప్పగా చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి ఎర్రటి చాయ్ రంగు నీళ్ళున్న సీసా తెచ్చి, చేప నీళ్ళు సగం తీసేసి ఆ మందు తనే పోసింది. "రోజూ పొద్దుగాల ఒక చిన్న గిలాస నీళ్ళు తీసి, ఒక గిలాస ఈ మందు పొయ్యి. ఎక్కువ పోస్తివో, సస్తది. సీసా కడిగితే మందు పనిజెయ్యదు. తిండి దినం తప్పి దినం, అదీ రవ్వంత" అంది. మరి మిగతా పొద్దంతా నేనేం చెయ్యాలని ఏడుపు మొహం పెట్టాను. "నీదే అసలు పని. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటది. ఎన్నిసార్లొస్తదో కూసోని లెక్కవెట్టి నాకు చెప్పు."

కూర్చున్నాను. చేతులు దురద పెట్టాయి. మొదటి రోజు చేప మాటిమాటికీ పైకి ఎగబాకేది. నాలుగో రోజుకు అది పైకి రావడం తగ్గిపోయింది. ఇంకేముంది, ఊపిరి ఆగిపోతోందని లబోదిబోమంటూ పరుగెత్తాను. అక్క పడీపడీ నవ్వింది. "ఓ పిచ్చిదానా, నీళ్ళల్లనే ఊపిరాడుతుంటే మాటిమాటికి పైకెందుకొస్తది?" అంది. ఆ సాయంత్రం చేప మొదటిసారి నా వేలి వెంట ఈదింది. నేను గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.

మందు అయిపోయిన రోజు ఖాళీ సీసా పట్టుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. అక్క బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకులు ఏరుతోంది. మట్టి దులిపి, మూడు రోజులుగా నిలవున్న నల్లా నీళ్ళ డ్రమ్ములో వేస్తోంది. మా అమ్మ పొద్దున్నే ఊడ్చి తగలబెట్టే చెత్త, మా ఇంట్లో కాళ్ళు కడుక్కోవడానికి కూడా పనికిరాని నీళ్ళు! నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు నన్ను మోసం జేసినవ్" అని అరిచాను.

"మోసమేంది? మందే. ఈ ఆకు పుండు మాన్పుతదని మా కాడ చేపల్ని సూసుకునే సార్ చెప్పిండు. నీళ్ళు నిలవుంటే బ్లీచింగ్ పోతది. ఏం జెయ్యకు, ఊకె కూసో అంటే నువ్వు కూసుంటుంటివా?"

కూర్చునేదాన్ని కాదు. అప్పుడు తట్టింది నాకు. "అయితే దానికి జబ్బు జేసింది నేనేనా?" అని అడిగాను. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. "కోడిపిల్ల గూడా?" అన్నాను. ఆమె కాదనలేదు. నన్ను ఒళ్ళోకి లాక్కుని, "నీకు ప్రేమ జాస్తి బిడ్డా. జర దాన్ని మెసలనియ్యాలె" అంది. ఎప్పుడో పోయిన కోడిపిల్ల కోసం ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చాను.

ఏడుపు ఆగాక అక్క నాలుగు రొయ్యల్ని వేరే సీసాలో వేసి ఇచ్చింది. "ఇవి ఎవరి జోలికీ పోవు, లొల్లి లేదు. చేపతోని మాత్రం కలపకు, అది బాగైందంటే వీటిని బతకనియ్యదు. పాకురే వీటి అన్నం, కడిగితే కంచం గుంజుకున్నట్టే" అంది. వారం తిరక్కుండానే ఆ పాకురు చూసి అమ్మ "ఏందీ గలీజు" అని సీసా ఎత్తబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అమ్మ ఆశ్చర్యంగా నన్ను చూసి, పక్క సీసాలో తోక విప్పి తన మీదకే ఉరుకుతున్న చేపను చూసింది. "ఓయమ్మ, బతికిందే ఇది! సరే, ఉండనియ్" అంది. తోక ఒకవైపు కురచగానే మిగిలింది కానీ, మరుసటి ఏడు వానలదాకా ఆ చేప హాయిగా బతికింది.

పోయిన ఏడాది మా అమ్మాయికి కడుపు నిలవలేదు. ఉప్పల్‌లో మా ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. కాసిని పాలు తప్ప ఏమీ ముట్టలేదు. చూడవచ్చినవాళ్ళు తలో మాట చెప్పారు. నా నోటిదాకానూ నూరు మాటలు వచ్చాయి. తలకు నూనె పెట్టాలని, అన్నం కలిపి నోట్లో పెట్టాలని చేతులు లేచాయి. లేచిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని దాని మంచం పక్కన కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం తనే ఇటు తిరిగి, "అమ్మా, జర చారన్నం పెడ్తవా?" అంది. అన్ని రోజులూ నేను ఊరికే కూర్చున్నానని మా వాళ్ళు ఇప్పటికీ అంటారు. నా జన్మలో అంత కష్టపడి ఏ పనీ చేయలేదు.