గోధుమ పడని మా లాస్యకి బియ్యప్పిండి మెకరోనీ

బడి తెరిచే ముందు యూనిఫాం కుట్టించడానికి లాస్యని మా వీధిలో బట్టలు కుట్టే రమణక్క దగ్గరికి తీసుకెళ్లాను. టేపు పెట్టి కొలిచింది. పోయినేడాది రాసుకున్న కొలత చూసింది. మళ్లీ కొలిచింది.

"ఏంటమ్మాయ్, ఏడాదిలో పిల్ల అంగుళం కూడా పెరగలా! పొట్టొక్కటే పెరిగింది" అంది.

నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు. అప్పటికి నా కూతురికి ఆరేళ్లు. తరచూ విరేచనాలు, పాలిపోయిన మొహం, నాలుగడుగులు వేస్తే "ఎత్తుకోమ్మా" అనడం. పిల్లలకి ఇవన్నీ మామూలేలే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు మాత్రం అలా అనుకోలేకపోయాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. మిర్చి, పత్తి వేస్తాం. నేను పదో తరగతితో ఆపేశాను, రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఊళ్లో డాక్టరుగారు నులిపురుగులన్నారు, మందిచ్చారు. తర్వాత రక్తం తక్కువగా ఉందని ఐరన్ సిరప్ రాశారు. మా అత్తయ్యేమో "అన్నంలో ఏం బలం ఉంటదే, గోధుమలు పెట్టు" అంది. నేనూ నమ్మాను. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం చపాతీ. వద్దన్నా బతిమాలి తినిపించేదాన్ని. పిల్ల ఇంకా నీరసించిపోయింది.

చివరికి గుంటూరులో పిల్లల డాక్టరమ్మగారికి చూపించాం. ఆవిడ పొట్ట నొక్కి చూసి, ఓపిగ్గా అన్నీ అడిగి, టీటీజీ అని ఒక రక్తపరీక్ష రాశారు. అది బాగా ఎక్కువొచ్చింది. ఆపైన ఎండోస్కోపీ, బయాప్సీ. లోపలికి తీసుకెళ్లేటప్పుడు లాస్య నా చున్నీ కొస గట్టిగా పట్టేసుకుంది. నర్సమ్మ ఒక్కో వేలూ మెల్లగా విడదీసింది.

రిపోర్టు చూసి డాక్టరమ్మగారు చెప్పారు. "సీలియాక్ డిసీజ్ అమ్మా. గోధుమలో గ్లూటెన్ అని ఉంటుంది. అది పాప పేగుకి పడదు. తిన్నప్పుడల్లా పేగు దెబ్బతింటుంది. అందుకే తిన్నది ఒంటికి పట్టట్లేదు."

"ఎన్నాళ్లు మందు వాడాలండి?"

"మందు లేదు. గోధుమ, మైదా, గోధుమరవ్వ, బార్లీ జీవితాంతం మానెయ్యడమే మందు."

బయట బెంచీ మీద కూర్చుని అత్తయ్య కళ్లు ఒత్తుకుంది. "బలమని చెప్పి నేనేగా పెట్టించింది."

"పెట్టిన చెయ్యి నాదేగా అత్తయ్యా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

అన్నం తినే ఊరు కాబట్టి మానడం తేలికే అనుకున్నాం. కానీ బిస్కెట్లు, బ్రెడ్డు, సేమ్యా అన్నీ పోయాయి. ఇంగువ డబ్బాలో కూడా గోధుమపిండి కలుపుతారని డైటీషియన్ చెప్పింది. "ఇంగువ లేని చారు కూడా ఒక చారేనా" అని గొణుక్కుంటూనే అత్తయ్య ఆ డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. మూడు నెలలకి పిల్లకి బుగ్గలొచ్చాయి. వీధిలో పరిగెత్తుతుంటే పడతావే అని అరవడం కూడా నాకు ముద్దుగానే ఉండేది.

అప్పుడొకరోజు స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లొచ్చింది.

"అమ్మా, వాళ్లింట్లో చీజ్ మెకరోనీ పెట్టారు. నాకు పడదుగా, నేను అరటిపండు తిన్నా" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

గ్లూటెన్ లేని మెకరోనీ మా చుట్టుపక్కల కొట్లలో దొరకలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేనే చేస్తానన్నాను. బియ్యం కడిగి ఆరబెట్టి పిండి మరకి పట్టుకెళ్లాను. "బాబాయ్, గోధుమలు ఆడిన వెంటనే వద్దు, మా పిల్లకి పడదు" అని చెప్పాను కూడా.

"నాకు తెలీదా అమ్మాయ్! ముందు గుప్పెడు బియ్యం పోసి లాగించేస్తా. మర అద్దంలా అయిపోద్ది" అన్నాడు మర బాబాయ్. మా వైపు అందరూ అలాగే చేస్తారు. నాకు అనుమానమే రాలేదు.

మరిగే నీళ్లలో ఉప్పు, చెంచాడు నూనె వేసి, పిండి పోసి కలిపి మూతపెట్టాను. వేడి మీదే బాగా పిసికాను. జంతికల గొట్టంలో ఒత్తి ముక్కలు కోస్తుంటే లాస్య వచ్చి చూసింది.

"మెకరోనీకి చిల్లు ఉంటదమ్మా. ఇవి పురుగుల్లా ఉన్నాయి."

"చిల్లే కదే నీకు కావాల్సింది, ఆగు" అని అత్తయ్య కొత్త కొబ్బరి ఈనె కడిగి తెచ్చింది. చిటికెడు పిండి ఈనెకి చుట్టి, దొర్లించి, లాగేసింది. చిల్లు! మధ్యాహ్నమంతా కూర్చుని పెద్ద గిన్నెడు చేసింది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాం. వెన్నలో చెంచాడు బియ్యప్పిండి వేయించి, పాలు పోసి చిక్కబడ్డాక, చీజ్ తురిమి వేసి, మెకరోనీ కలిపాను. "చప్పగా ఉంటదే" అని అత్తయ్య చిటికెడు మన కారం చల్లింది. లాస్య రెండు గిన్నెలు తిన్నది.

మర్నాటికి వాంతులు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. మళ్లీ గుంటూరు పరుగెత్తాం.

డాక్టరమ్మగారు ఒక్కటే అడిగారు. "పిండి ఎక్కడ ఆడించారు?"

చెప్పాను. గుప్పెడు బియ్యం సంగతీ చెప్పాను.

"మరలో గోధుమపిండి మిగిలే ఉంటుందమ్మా. ఈ జబ్బుకి చిటికెడు చాలు. భయం లేదు, సర్దుకుంటుంది."

మిర్చి ఆడిన మరలో, గుప్పెడు బియ్యం పోశాక కూడా, పసుపు ఆడిస్తే చేతులు మండుతాయని చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. గోధుమ మండదు కాబట్టి నాకు తట్టలేదు.

నాలుగు రోజుల్లో కడుపు సర్దుకుంది. కానీ లాస్య నన్ను నమ్మడం మానేసింది. అన్నం పెట్టినా, "ఇందులో ఏం లేదుగా అమ్మా?" అని అడిగేది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నా మొహం చూసేది. జబ్బుకన్నా ఆ చూపే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంట్లో గోధుమపిండి అన్నదే లేకుండా చేశాం. మిక్సీకి కొత్త జార్ కొన్నాం. మళ్లీ బియ్యం కడిగి ఆరబెట్టిన రోజు లాస్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"మర బాబాయ్ దగ్గరికి వెళ్లలేదుగా?"

"లేదు. నువ్వే ఆడించు."

జార్ లోపల వేలు పెట్టి చూసింది, వాసన చూసింది. బియ్యం తనే పోసింది, మూత తనే పెట్టింది. నేను మిక్సీ తిప్పుతుంటే రెండు చేతులతో మూత నొక్కిపట్టుకుంది. పిండి జల్లించింది. నానమ్మ పక్కన చేరి ఈనెకి చుట్టింది. అయినా ఆ రోజు ఒక్క చెంచానే తిన్నది. మర్నాడు లేవగానే పొట్ట తడుముకుంది. "నొప్పి లేదమ్మా!" అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, మిగిలింది పెట్టమంది.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. టీటీజీ మామూలుకి వచ్చింది. ఎవరింటికి పిలిచినా తన గిన్నె తను పట్టుకెళ్తుంది. పోయిన ఆదివారం ఒక పిల్ల దాని గిన్నెలోంచి ఒక చెంచా అడిగిందట. "తిను, ఇది నేనే చేశా" అందట మా మహాతల్లి!

నేను చెప్పగలిగింది ఒక్కటే. గోధుమ పడని పిల్లలు మీ ఇంట్లో ఉంటే పిండి మరలో ఆడించకండి, ఇంట్లోనే, వేరే జార్‌లో ఆడించుకోండి. ఆ జార్ మూత ఆ పిల్లల చేతే పెట్టించండి. తిండి మీద, మన మీద వాళ్లకి మళ్లీ నమ్మకం కుదరాలి కదండీ.