అక్క మిద్దె మీద పెట్టని టవర్

సెల్ టవర్లకు చోటు చూపించడం నా పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఎక్కడ సిగ్నల్ అందడం లేదన్నా కాంట్రాక్టరు నన్నే పంపుతాడు. నేను వెళ్లి వీధులన్నీ నడిచి, ఫోన్ ఎక్కడ ఎంత పలుకుతుందో రాసుకుని, ఎత్తయిన మిద్దెలు చూసి, ఇక్కడ పెడితే ఇంతమేర అందుతుందని ప్రపోజల్ తయారు చేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఎత్తులూ కోణాలూ లెక్కకట్టడం పాత పాఠ్యపుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, ఏ లెక్కయినా రెండోసారి వేసి చూడందే నాకు నమ్మకం కుదరదు.

గద్వాలలో మా అక్క ఉండేది నేత పనివాళ్ల వీధిలో. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, పాతకాలపు మందం గోడలు. లోపల ఫోన్ పలకదు. చీర ఫోటో షాపుకు పంపాలన్నా, ఎవరితో రెండు మాటలు మాట్లాడాలన్నా మగ్గం వదిలి వీధి చివరికి పోవాలి. టవర్ కావాలని వాళ్లు చాలా కాలంగా అడుగుతున్నారు. చివరికి ఆ పని నాకే వచ్చింది.

ఆ వీధిలో అన్నిటికంటే ఎత్తయిన మిద్దె అక్కదే. నాకే అనుమానం వచ్చింది, మనవాళ్ల ఇల్లని మొగ్గుతున్నానేమోనని. మిగతా మిద్దెలు కొలిచి, పిల్లర్లు చూసి, మళ్లీ మొదటినుంచి లెక్క వేశాను. అప్పుడూ అక్క ఇల్లే ముందు వచ్చింది. లోపల సంతోషించాను. బావ పోయినప్పటినుంచి అక్క ఒక్కతే. మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంతలోకి దిగాలంటే గోడ పట్టుకుని కూలబడుతుంది. నెలనెలా కిరాయి వస్తే ఆ గుంతలోకి దిగే పని తప్పుతుంది. నాకు కావలసింది అదొక్కటే.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు దారాలూ ప్రతి వరసలో ఒకదాన్నొకటి పట్టుకోవాలి. వెడల్పు అంచయితే ఒక్క మనిషి నేయలేడు. గుంతలో ఒకరు కూర్చుని ఒళ్లు నేస్తుంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం చుట్టిన నాడె అందించాలి. బావ ఉన్నప్పుడు గుంతలో బావ, పక్కన అక్క. బావ పోయాక అక్క గుంతలోకి దిగింది, పక్క చోటు ఖాళీ అయింది. ఎదురింటి ఆమె ఒకరోజు పొద్దున్నే వచ్చి, ఎవరూ పిలవకుండానే అక్కడ కూర్చుంది. అక్క ఆమెను వదినా అంటుంది. నాకూ వదినే.

అంచు పక్కన చెయ్యి మారితే బిగువు మారిపోతుంది, అంచు వంకరలు పోతుంది. అందుకే చీర ఎవరితో మొదలుపెడితే మగ్గం మీంచి కోసేదాకా వాళ్లతోనే నేయాలి. ఆ ఇద్దరూ అలా చాలా చీరలు కోశారు.

నేను సంగతి చెప్పిన రోజు ఇద్దరూ మగ్గం మీదే ఉన్నారు. వంకాయ రంగు చీర ఒకటి సగం దాకా వచ్చింది.

"ఏంది మరిదీ, మీ అక్క నెత్తిన కంబం పాతుతవా?" అంది వదిన.

"నెత్తిన కాదు వదినా, మిద్దె మీద."

"ఇగ మీ అక్కను పట్టతరమా! కిరాయిలు తినుకుంట కాళ్లు జాపుకొని కూసుంటది. నన్నెవరు పలకరిస్తరు?"

"ఊకో వదినా," అంది అక్క. "నువ్వు లేకుంట నాకు పొద్దు పోతదా? ఇద్దరం కలిసే కూసుందాం తియ్."

ఆ నవ్వులు పది రోజులు కూడా నిలవలేదు.

వదిన కోడలు అప్పుడు కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి ఆ పిల్లను నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వడం లేదు. ఎవరో ఫోన్లో పంపిన వీడియో ఒకటి వదిన ఎప్పుడో వీధి చివర నిలబడి చూసింది. టవర్ దగ్గర ఉంటే కడుపులు నిలవవని అందులో ఒకతను గట్టిగా చెబుతున్నాడు. ఆ మాట ఆమెలో దిగిపోయింది. కోడలి ఫోన్ తీసి బియ్యం డబ్బాలో దాచింది. నన్ను గుమ్మం దగ్గర ఆపి అడిగింది.

"మరిదీ, నువ్వు అబద్ధమాడవు. నిజం చెప్పు. దాంతోని ఏం కాదా?"

నా సంచిలో మీటరు ఉంది. టవర్లనుంచి వచ్చేది గాలిలో ఎంత ఉందో చూపించే యంత్రం అది. కళ్లతో చూస్తే నమ్ముతుందనుకున్నాను. వాళ్ల నడింట్లో పెట్టి చూపించాను. చాలా చిన్న అంకె. సర్కారు పెట్టిన హద్దుకు ఎంతో దిగువన ఉందని చెప్పాను. టవర్ వచ్చాక కొంచెం పెరిగినా ఆ హద్దు దరిదాపులకు రాదనీ చెప్పాను.

వదిన ఆ అంకె వైపే చూస్తోంది. "ఇప్పుడు టవర్ లేదు గదా. మరి ఇదేంది?"

"దూరంగ ఉన్న టవర్లది వదినా. గాలిల ఎప్పుడూ జరంత ఉంటది."

"అంటే ఇప్పటికే ఉన్నది."

"ఉన్నది, గాని..."

"మీ అక్క మిద్దె మీద పెడితే ఇంకింత పెరుగుతది."

"పెరుగుతది. గాని అది..."

"సున్న కాదు గదా మరిదీ."

కాదు. కాదనే చెప్పాను. బయటికి వచ్చాక అక్క నా మీద విరుచుకుపడింది. "ఏం కాదు వదినా, సున్న అని చెప్పరాదార? నీ నోరు పడిపోతుండెనా?" ఇప్పుడడిగినా ఆ మాట నేను అనలేను. మీటరు చూపించని అంకెను ఎలా చెప్పేది?

మర్నాడు వదిన మగ్గానికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎదురెదురు గుమ్మాలు, అక్క ముగ్గు వేస్తుంటే వదిన తలుపు దగ్గరికి వేసేది. వంకాయ రంగు చీర సగంలో ఆగిపోయింది. పక్క వీధి నుంచి ఒకామెను పిలిపించి కూర్చోబెట్టారు. జానెడు నేసేసరికే అంచు మెలికలు తిరిగింది. అక్క ఆ జానెడూ దారం దారం విప్పేసింది. తర్వాత నన్ను పిలిచి, "నా మిద్దె వద్దని రాయి తమ్మీ" అంది.

"అక్కా, జర ఆలోచించు. నీ మోకాళ్లు..."

"మోకాళ్లు నావి. ఆమె మొకం చూడకుంట ఎట్లుండాలె? రాయి."

మార్చి రాశాను. వీధి అవతల మూతపడ్డ నూనె మిల్లు ఒకటుంది. అక్కడ పెడితే లోపలి ఇళ్లకు సిగ్నల్ కొంత పలచగా అందుతుంది, అయినా అందుతుంది. వదిన ఇంటికీ దూరం. కాంట్రాక్టరు సణిగి ఒప్పుకున్నాడు.

వదిన మళ్లీ వచ్చి కూర్చుంది. అక్క గుంతలో సర్దుకుని, "దారం తెగింది, అతుకు" అన్నదట. వదిన అతికిందట. ఏడో నెలలో కోడలిని పుట్టిల్లు ఇటిక్యాలకు పంపించారు. పుట్టబోయే బిడ్డకు ఏం పెట్టాలన్నదాని గురించి ఇద్దరూ మగ్గం మీద రోజూ వాదులాడుకునేవారని అక్క చెప్పింది.

ఎనిమిదో నెల నడుస్తుండగా కడుపులో కదలిక ఆగిపోయింది. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. అప్పటికి నూనె మిల్లు మీద పని మొదలే కాలేదు.

నేను పలకరించడానికి వెళ్లినప్పుడు వదిన అక్క ఇంట్లోనే ఉంది, చాప మీద. నన్ను చూసి లేచి కూర్చుంది.

"మరిదీ, ఆ కంబం ఈడ్నే పెట్టు. మీ అక్క మిద్దె మీదనే పెట్టు. ఇగ నాకు ఏం భయం?"

"గట్ల అనకు వదినా," అంది అక్క.

"ఎందుకనొద్దు? నేను వద్దంటే వద్దన్నరు గద నా మాట విని. ఏం మిగిలింది?" మళ్లీ నావైపు తిరిగింది. "ఇటిక్యాలకు పోతవు గదా పని మీద. ఆ ఇంట్ల మీటరు పెట్టి చూడు. ఆడ ఎంతున్నదో."

ఆమెకు ఏదో ఒక అంకె కావాలి. పెద్దదైతే మరీ మంచిది. దాన్ని తిట్టుకోవచ్చు. వారం తర్వాత అయిజ ఊళ్లో పని చూసుకుని ఇటిక్యాల మీదుగా వచ్చాను. కోడలి పుట్టింటి ముందర బండి ఆపి, లోపలికి పోకుండా వాకిట్లోనే చూశాను. గద్వాలలో వదిన నడింట్లో ఉన్నదానికంటే తక్కువ. అలవాటుకొద్దీ రెండోసారి చూశాను. అదే అంకె. ఆ అంకె వదినకు చెప్పలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు.

మిల్లు మీద టవర్ లేచింది. ప్రపోజల్లో ఏం రాశానో అలాగే పలుకుతోంది, లోపలి గదుల్లో కూడా. అక్క ఇంకా గుంతలోకి దిగుతూనే ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు ఇద్దరూ మగ్గం మీదే ఉన్నారు. కోడలు ఇటిక్యాల నుంచి ఇంకా రాలేదు. వదిన కొడుకు రెండుసార్లు పోయి ఒంటరిగానే తిరిగి వచ్చాడు. నేత మధ్యలో వదిన కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి కోడలికి కలిపి, స్పీకర్ పెట్టి ఒళ్లో పెట్టుకుంది. ఎక్కడా తెగకుండా స్పష్టంగా మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది. అక్క నాడె చేతిలోనే పట్టుకుని, వదిన చాలించేదాకా అలాగే కూర్చుంది.