మైకు మీద నీళ్ల క్యాను

1991 చివర్లో ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని ఒక అమెచ్యూర్ రేడియో క్లబ్‌లో నాకు ఆపరేటర్‌గా తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. క్లబ్ స్టేషన్‌ను నడపడం, లైసెన్సు పరీక్షకు వచ్చేవాళ్లకు మోర్సు కోడూ నియమాలూ బోధించడం, వానాకాలంలో క్లబ్ జీపులో తిరిగి వరద సమాచారం పంపడం నా పనులు. వానాకాలమంతా జీపు డ్యూటీ చేస్తేనే పోస్టు ఖాయమవుతుందని కార్యదర్శి గారు మొదటి రోజే చెప్పారు. అప్పటికి మా పెద్దవాడికి ఏడు నెలలు. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. పిల్లలిద్దరూ పడుకున్నాక, మధ్యమధ్య లేచి చిన్నదాని నుదురు తడిమి చూసుకుంటూ ఇది రాస్తున్నాను.

అమెచ్యూర్లంటే పరీక్ష పాసై, ప్రభుత్వ లైసెన్సుతో సొంత ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ఇతర స్టేషన్లతో మాట్లాడే అభిరుచి ఉన్నవాళ్లు. సిటిజన్ బ్యాండ్ సెట్టుకి పరీక్ష అక్కర్లేదు, అది పోయే దూరమూ తక్కువే. మా జీపులో ముందు అలాంటిదే ఉండేది. నది గట్టు చేరేసరికి అందులో గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. 1992 వేసవిలో దాన్ని తీసేసి, విదేశాల నుంచి వచ్చిన కొత్త వీహెచ్ఎఫ్ సెట్టు బిగించారు.

క్లబ్ సభ్యుల్లో కొత్త సెట్టు రాకను ఒప్పుకోనిది అప్పలస్వామి మాస్టారొక్కరే. ఆయన రైల్వే టెలిగ్రాఫులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. యుద్ధకాలం నాటి మిగులు సామానుతో తానే కట్టుకున్న వాల్వు సెట్టు ఆయనది. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కేలోగా టీ తాగిరావచ్చు. మాట్లాడాలంటే లీవరు తిప్పాలి. లోపల రిలే టక్కుమనేది. మీటరు ముల్లు మాటమాటకీ ఊగేది, గొంతు హెచ్చితే ఏరియల్ తీగ దగ్గరి చిన్న బల్బు వెలుగు హెచ్చేది. కాసేపటికి ఫ్రీక్వెన్సీ జారిపోయేది. వినేవాళ్లు డయలు తిప్పుకుంటూ దాని వెంట పడాల్సి వచ్చేది.

కొత్తది టిఫిన్ బాక్సంత. ఫ్రీక్వెన్సీ అంకెల్లో కనబడుతుంది, జారదు. వేడి లేదు, హోరు లేదు. మెలికల తీగకు మైకు, మైకు పక్కన బొటనవేలితో నొక్కే మీట. నొక్కితే సెట్టు మీద మిణుగురంత ఎర్ర దీపం వెలుగుతుంది. ఎండలో అది కనబడదు.

"ఇది సెట్టేటి, సబ్బు డబ్బానాగుంది" అన్నారు మాస్టారు. "మా పెట్టె మాటాడతంటే ఇంట్లో పిల్లికి కూడా తెలుస్తాది. దీనికి ఉలుకూ నేదు, పలుకూ నేదు."

"మీ పెట్టె జీపులో ఎక్కిస్తే మనం నడిచి ఎల్లాల మాస్టారూ" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా.

వర్షాలకు ముందు ఒకరోజు అభ్యాసం పెట్టారు. క్లబ్ గదిలో కార్యదర్శి గారు కంట్రోల్ స్టేషన్‌లో కూర్చున్నారు. సభ్యులు కొందరు ఆ గదిలో, మిగిలినవాళ్లు తమ ఇళ్లలో సెట్ల ముందు ఉన్నారు. నేను ఝపటాపూర్ మీదుగా నది గట్టుకు వెళ్లి నీటి మట్టం చెప్పాలి. అందరిదీ ఒకటే చానెల్ కాబట్టి ఒకరు ముగించాకే ఇంకొకరు మాట్లాడాలి. మీట నొక్కి ఉన్నంతసేపు మన సెట్టు మాట్లాడుతుందే గానీ వినదు. ఎవరు పిలిచినా మనకు తెలియదు.

డ్రైవరు రాములు మా నాన్నతో కలిసి పనిచేసినవాడు, నాకు బాబాయి వరస. గట్టు దగ్గర నాకు మళ్లీ వాంతి వచ్చింది. మైకును కొక్కేనికి తగిలించకుండా సీటు మీద పడేసి దిగాను. బాబాయి నీళ్ల క్యానుతో నా చేతుల మీద నీళ్లు పోసి, దాన్ని తీసుకెళ్లి సీటు మీద, మైకు మీదే పెట్టాడు. ఇద్దరం చూసుకోలేదు. తలుపు తెరిచే ఉంది.

"మూడు పాలీలు ఆపించినావు జీపు. పొద్దున్న ఏటి తిన్నావు?" అన్నాడు.

"ఏటీ తిన్నేదు బాబాయి."

"మా పెద్దదానికీ ఇలాగే అయినాది. ఇది తిండి తేడా కాదని మీ పిన్నే కనిపెట్టినాది. ఎన్నో నెలమ్మా?"

దాచి లాభం లేదనిపించింది. "మూడు. మీ అల్లుడికింకా సెప్పనేదు."

"మొగుడికి సెప్పకుండా నాకు సెప్తన్నావా, బాగుంది. మరి సెక్రటరీ గారికో?"

"ఆయనకి తెలిస్తే ఇయ్యాలే జీపు దించేస్తాడు. ఆడోళ్ల గొంతు ఆయనకి రేడియోలోనే ముద్దు. మనిషి ఎదురుగా వస్తే మొకం మాడిపోద్ది. ఈ వానాకాలం గడిసిపోతే సాలు, కొంగు కప్పుకు తిరుగుతాను."

"కొంగు కప్పితే కడుపు దాగుద్దేటి" అని బాబాయి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎక్కి కూర్చోవడానికి క్యాను పక్కకు తీశాను. ఆ క్షణంలోనే స్పీకరు పలికింది. కార్యదర్శి గారు, "మొబైల్, మీ మైకు చూసుకోండి. మొబైల్, మీ మైకు చూసుకోండి" అంటున్నారు. మొబైల్ అంటే మా జీపు. క్యాను బరువుకి మీట నొక్కుకునే ఉంది, ఎంతసేపటి నుంచి అంటున్నారో తెలియదు. నా చేతిలో ఇంకా క్యాను ఉంది.

మైకు తీసుకుని, "మొబైల్. అందింది. ఓవర్" అన్నాను.

"నీటి మట్టం చెప్పండి. ఓవర్."

చెప్పాను. ఆయన తిరిగి చదివి సరిచూసుకున్నారు. నా గొంతు కంటే ఆయన గొంతే నిలకడగా ఉంది.

తిరిగి వచ్చేసరికి గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. ఒకాయన లేచి తన కుర్చీ నాకు జరిపాడు. ఇంకొకాయన ఫ్యాను నా వైపు తిప్పాడు. ఆ రెండింటితో గదిలోవాళ్లంతా విన్నారని నాకు అర్థమైంది. ఇళ్లలో విన్నవాళ్ల సంగతి తెలియలేదు.

ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సభ్యుల్లో సగం మంది ఆయనకు రోజూ గేటు దగ్గర కనబడేవాళ్లే.

"నాకంటే ముందు ఎంతమందికి తెలుసు?" అన్నాడు.

"తెలీదు."

"రేపు గేటు కాడ ఎవుడి మొకం సూడాల నాను?"

మర్నాడు ఆయన మామూలుగానే డ్యూటీకి వెళ్లాడు. గేటు దగ్గర ఎవరూ ఒక్క మాటా అనలేదు. మా లైసెన్సు నియమాల్లో ఒకటుంది: మనకు ఉద్దేశించని సందేశం చెవిన పడితే దాన్ని బయటపెట్టకూడదు. సభ్యులు దాన్ని అక్షరాలా పాటించారు.

వారం తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పరిపాలనా సౌకర్యం దృష్ట్యా జీపు డ్యూటీ వేరొకరికి ఇస్తున్నట్టు అందులో ఉంది. కారణం అడిగితే కార్యదర్శి గారు, "అందులో రాశాం కదమ్మా" అన్నారు.

వరండాలో మాస్టారు నన్ను ఆపారు. "అమ్మాయీ, విన్నది సెప్పకూడదని నువ్వు అందరికీ సెప్తావు. ఆ నియమంలో రెండో ముక్క కూడా ఉంది. విన్నదాన్ని వాడుకోనూ కూడదు. ఆయన్ని అడుగు."

"ఏటని అడగాల మాస్టారూ? నా కడుపు సంగతి విన్నారా అనా?"

"పోనీ నానడగనా?"

"ఒద్దు" అన్నాను. ఆయన అడిగితే ఆ రోజు నేనన్నవన్నీ మళ్లీ పైకి వస్తాయి. కార్యదర్శి గారి మీద వేసిన మాట కూడా.

తర్వాతి తరగతిలో ఆ నియమాన్ని రెండు ముక్కలూ చదివించాను. వెనక బెంచీ మీద కార్యదర్శి గారు ఏదో సర్దుకుంటూ ఉన్నారు. పరీక్షకు చదువుతున్న ఒక రైలు గార్డు గారు, "వాడుకోవడమంటే ఏటండీ, ఒక ఉదాహరణ సెప్పండి" అని అడిగారు. నాకు జరిగినదానికంటే మంచి ఉదాహరణ ఈ రోజుకీ దొరకలేదు. "పుస్తకంలో ఉంటుంది, చూడండి" అన్నాను. పుస్తకంలో లేదు.

నా ఉద్యోగాన్ని పొడిగించలేదు. పొడిగించమని నేను అడగనూ లేదు. మలంచా రోడ్డు మీద కార్యదర్శి గారు ఎదురైతే ఆయన మామూలుగానే పలకరిస్తారు, తల దించుకునేది నేనే. నియమం తెలిసుండటం ఒక్కటే చాలదు. అది మనకు అక్కరకు రావాలంటే, మనకు జరిగింది నలుగురిలో చెప్పగలగాలి. ఆ పని నేను చెయ్యలేకపోయాను.