మేస్త్రి పెట్టిన మూడు గాట్లు

మా పేటలో ఎవరికైనా గాలి సోకిందంటే నన్ను మాత్రం పిలవరు. పిలిస్తే ముందు రక్తపరీక్ష చేయించమంటానని అందరికీ తెలుసు. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. రాజోలు గ్రంథాలయంలో కూర్చుని చదివే చదువు మాత్రం ఇంకా ఆగలేదు. శరీర శాస్త్రం, వాతావరణం, విద్యుత్తు, జంతువుల ప్రవర్తన, ఏది దొరికితే అది చదివాను. దయ్యం అనేది మనిషి తన భయానికి పెట్టుకున్న పేరని నా అభిప్రాయం. ఈ రోజుకీ ఆ అభిప్రాయం మార్చుకోలేదు. మార్చుకోకుండానే ఈ సంగతి చెప్పాల్సి రావడం నా ఇబ్బంది.

మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తగారు. ఆయన బడిలో మాస్టారు. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఎలుకలు కస్టమర్ల బట్టలు కొరికేస్తున్నాయని రెండు పిల్లి కూనల్ని తెచ్చి పెంచాను. ఒకటి తెల్లది, ఇంకొకటి పసుపు చారలది.

తెల్లది ఎక్కువ కాలం బతకలేదు. ఒక ఉదయం టీవీ వెనక ఫట్‌మని చప్పుడైంది. వెళ్లి చూస్తే అది వైరు నోట కరుచుకుని బిర్రబిగుసుకుపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మెయిన్ ఆపేశాక కూడా దవడలు వీడలేదు. చెక్క తెడ్డు దూర్చి విడదీయాల్సి వచ్చింది. నాలుక నల్లగా మాడిపోయింది. కాలిన వెంట్రుకల కంపు కర్టెన్లకు పట్టి, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ కంపు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. తర్వాత జరిగినదానికి అది అవసరం కనుక ముందే చెబుతున్నాను.

మిగిలిన పసుపు కూన అలా చావకూడదని పట్టుపట్టాను. పుస్తకాలు తెచ్చి చదివాను. పిల్లులకు నిమ్మజాతి తొక్కల వాసన పడదని ఒక పుస్తకంలో ఉంటే, దబ్బకాయ తొక్కలు తెచ్చి ఫ్రిజ్ వెనక, టీవీ వెనక పెట్టాను. మొక్కలకు నీళ్లు పట్టే పాత ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి వైర్లన్నిటికీ తొడిగాను. ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఫోన్ చార్జరు, పని అవగానే ప్లగ్గు తీసెయ్యాల్సిందే. వాషింగ్ మెషీన్ మూత వేసే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాల్సిందే, ఎందుకంటే వెచ్చగా ఉంటే పిల్లులు అందులోనే పడుకుంటాయి.

"నా కొడుకు చిన్నప్పుడు నూతి పక్కన ఆడుకున్నాడమ్మా. వాడికి ఇంత కాపలా లేదు," అనేవారు అత్తగారు. అంటూనే తొక్కలు ఎండిపోతే కొత్తవి పెట్టేది కూడా ఆవిడే.

ఆ కూనకి పేరు పెట్టింది ఆవిడే. ఇంట్లో ఎవరు ఏ పని చేసినా పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడిలా చూస్తుందని దాన్ని 'మేస్త్రి' అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

వెనక వసారాలో ఉండే వాషింగ్ మెషీన్ మూత మీద పడుకోవడం మేస్త్రికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పోయిన ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి అది దాని మీద ఎక్కడం మానేసింది. మెషీన్ నడుస్తుంటే వసారా గడప దగ్గర వీపు విల్లులా వంచి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడేది. పిల్లులకు మన చెవికి అందని సన్నని శబ్దాలు వినిపిస్తాయని చదివి ఉన్నాను కనుక, మోటారు అరిగి చప్పుడు మారిందనుకున్నాను. అదే రోజుల్లో అత్తగారు వేళ్లు చిమచిమలాడుతున్నాయని అంటుండేవారు. ఆవిడకి సుగరు. సుగరున్నవాళ్లకు నరాలు అలా చేస్తాయని పుస్తకం తెచ్చి చూపించాను. "ఆయ్, అందులో ఉందంటే ఉన్నట్టే," అన్నారావిడ.

ఒక మధ్యాహ్నం అత్తగారు తడిబట్టలు తియ్యడానికి మెషీన్ దగ్గరికి వెళ్లారు. నేను కుట్టుమిషను మీద ఉన్నాను. ఆవిడ అరుపు విని పరుగెత్తాను. మేస్త్రి ఆవిడ పిక్కను నాలుగు కాళ్లతో చుట్టేసి, కోరలు దింపి, వెనక కాళ్ల గోళ్లతో గీరుతోంది. చీర చీలికలైపోయింది. నేను లాగేలోపే ఆవిడ తూలి పడ్డారు. తల పంపు గట్టుకు తగిలింది. టైల్స్ మీద నీళ్లతో కలిసి రక్తం వసారా మెట్ల దాకా పారింది. పిల్లి అప్పటికీ వదల్లేదు. నేను ఆవిడను మెషీన్‌కి దూరంగా ఈడ్చుకొచ్చాకే వదిలింది. ఈ మాట అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.

తలకూ పిక్కకూ కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి వచ్చీరాగానే మా ఆయన కొబ్బరి మట్ట అందుకున్నారు. కోపమే లేని మనిషి. ఆ రోజు ఆపడం నా వల్ల కాలేదు. మట్ట అంచు తగిలి పిల్లి ఎడమ చెవి చిరిగిపోయింది. రెండో దెబ్బ మూతి మీద పడింది. కింద కోర ఒకటి ఊడి గచ్చు మీద పడింది. దాన్ని ఊడ్చి పారేసింది నేనే.

"ఇంకో మాట వద్దు సువార్తా. లంకకు పంపేద్దాం," అన్నారాయన.

మా వైపు పిల్లిని వదిలించుకోవాలంటే ఏరు దాటించాలి. నేల మీద ఎంత దూరంలో వదిలినా తిరిగొచ్చేస్తుంది, నీటికి అవతల వదిలితే రాదు. గోదావరి మధ్యలో ఉన్న లంకలో అయితే నాలుగు వైపులా నీళ్లే, పడవ తప్ప దారి లేదు. అది భయపడి కరిచిందనీ, కారణం వెతుకుదామనీ పుస్తకంలో పేజీ తీసి మరీ చెప్పాను. ఆయన అత్తగారి తలకున్న కట్టు చూపించారు. బియ్యం సంచిలో వేసి, సంచి మూతి కట్టి పడవలో పంపేశారు. లంకలో సత్యవతి అని చేపలు పట్టే కుటుంబంలో ఆవిడ, వలలు ఎలుకలు కొరుకుతున్నాయని తీసుకుంది. అక్కడ చంపరు కదా అన్నదొక్కటే నాకు ఊరట.

తర్వాత వరద వచ్చింది. రేవులో పడవలు ఆపేశారు. మా పెరట్లోకి నీళ్లొచ్చి వసారా మెట్లు మునిగాయి. మా ఆయన బడిలో పునరావాస కేంద్రం పెట్టారని అక్కడికి వెళ్లారు. అత్తగారు ముందుగదిలో మంచం మీద ఉన్నారు. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మధ్యాహ్నం వంటవేళకు ఆటోలో మైకు వచ్చింది. మా వైపు కరెంటు ఇంకా ఉంది. పోయేలోగా మెషీన్‌లో ఉన్న బట్టలు తీసేద్దామని వెళ్లాను. రబ్బరు చెప్పులు ఎప్పుడూ వసారాలోనే ఉంటాయి. ఆ రోజు నీళ్లకు కొట్టుకుపోయాయి. ఒట్టి కాళ్లతో తడి గచ్చు మీద నడిచాను. ఎడమ చేతిలో స్టీలు బకెట్టు ఉంది. కుడిచెయ్యి మెషీన్ అంచు మీద వెయ్యబోయాను.

బరువైనదేదో వీపు మీద పడింది.

గోళ్లు జుట్టులోంచి మాడులోకి దిగాయి. చెయ్యి వెనక్కి తీసి పట్టుకోబోతే ముంజేతిని కరిచేసింది. ఎముకకు తగిలినట్టు అనిపించింది. నేను కేక పెట్టి వెనక్కి విరుచుకుపడ్డాను. పడుతున్నప్పుడు చూశాను. పసుపు చారలు. చిరిగిన ఎడమ చెవి. ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. చేతిలోంచి ఎగిరిన బకెట్టు మెషీన్‌కి తగిలి నీళ్లలో పడింది. నీలంగా ఒక మెరుపు, తుపాకీ పేలినట్టు చప్పుడు. తర్వాత ఆ కంపు. కాలిన వెంట్రుకల కంపు.

గదిగుమ్మంలో వెల్లకిలా పడి ఉన్నాను. కళ్లలోకి రక్తం కారుతోంది. వసారాలో పిల్లి లేదు. చుట్టూ నీళ్లే.

ముందుగదిలోంచి అత్తగారు అడిగారు. "ఏమ్మా, మేస్త్రి వచ్చేసిందా? అరుపు దానిదేనా?"

పిల్లి సంగతి నేను అప్పటికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

మాడుకు కుట్లు వేసి, కుక్కకాటుకు ఇచ్చే ఇంజెక్షన్లే నాకూ మొదలుపెట్టారు. చెయ్యి కడుగుతూ డాక్టరమ్మ, "పిల్లి పళ్లేనండీ. కాకపోతే ముసలిదేమో, ఒక కోర లేదు," అంది. చూశాను. పైన రెండు గాట్లు, కింద ఒకటి. రెండోది ఉండాల్సిన చోట చర్మం నున్నగా ఉంది.

నీళ్లు తీశాక కరెంటు పని చేసే అతన్ని పిలిపించాం. అతను వసారా అంతా వెతికి, విషయం తేల్చాడు. ఉప్పునీరు ఇనుప పైపును తినేసిందని వానలకు ముందు మేం బోరుకు ప్లాస్టిక్ పైపు వేయించాం. ఇంటి ఎర్తు తీగ ఆ పాత ఇనుప పైపుకే కట్టి ఉండేది. పైపు కోసేసినప్పుడు తీగ మిగిలిన జానెడు ముక్కకే వేలాడుతూ ఉండిపోయింది. మెషీన్ లోపల వైరు ఒరిసి రేకుకు తగులుతోంది. "మీరు చెప్పులేసుకుని వాడేరు కాబట్టి సరిపోయిందండీ. ఒట్టి కాళ్లతో పట్టుకునుంటే వదిలేది కాదండి," అన్నాడు. బకెట్టు అంచు బొటనవేలంత మేర కాలి, కరిగి ఉంది. ఆ బకెట్టు ఇంకా దాచాను.

ఇంతవరకూ నాకు అర్థమైంది. అత్తగారి వేళ్లు చిమచిమలాడింది సుగరుకు కాదు. పిల్లి ఒట్టి కాళ్లతో తడి గచ్చు మీద తిరుగుతుంది కనుక దానికి ముందు తెలిసింది. ఆవిడను ఆ రోజు ఎందుకు కరిచిందో కూడా ఊహించగలను. దీనికి పుస్తకాలు చాలు.

చేతికట్టుతోనే మొదటి పడవలో లంకకు వెళ్లాను. అది ఎలాగో తప్పించుకుని ఈదుకుంటూ వచ్చిందని సత్యవతి చెబుతుందని నా ఆశ. అలా చెబితే కథ అయిపోయేది.

మేస్త్రి అక్కడే ఉంది. మెట్ల కడ్డీకి వలతాడుతో కట్టేసి ఉంది. నన్ను చూసి లేవబోయి, కుంటుతూ మళ్లీ కూర్చుంది.

"వరదరోజు మా పై ప్రాణాలు పైనే పోయేయండి దీని వల్ల," అంది సత్యవతి. "పోతాదని కట్టేసే ఉంచేం. నేను అన్నం వారుస్తున్నాను. రెండో హెచ్చరికని పడవ మీద మైకులో చెప్పుకుంటా పోతున్నారు. ఒక్క కేక పెట్టిందండి. ఇంతెత్తున ఎగిరి పడి గిలగిలా కొట్టుకుంది. కాలిన కంపు. పొయ్యిలో పడ్డాదేమో అనుకున్నాం. పొయ్యి దగ్గరికే రాలేదు."

దగ్గరికి తీసుకుని చూశాను. ఒక పక్క మీసాలన్నీ మాడి ముడుచుకుపోయాయి. ముందుకాలి అరికాలు పగిలి నల్లగా ఉంది.

"వైరేదైనా కొరికిందేమో," అన్నాను.

"వైరు కొరికితే మాత్రం ఏమవుద్దండి? నీళ్లొస్తన్నాయని ముందురోజే లంకంతా కరెంటు తీసేసేరు కదా. రాత్రంతా దీపాల కింద కూర్చున్నాం."

నా సాక్ష్యంలో బలహీనమైన చోట్లు నాకు తెలుసు. ఇటు ఆటో మైకు, అటు పడవ మైకు ఒకే క్షణంలో వినిపించాయని నేను చెప్పలేను. సత్యవతి చెప్పింది తప్ప వేరే రుజువు లేదు. షాకు తగిలి విసిరికొట్టిందనీ, మిగతాది నా బుర్ర కల్పించిందనీ మా ఆయన అంటారు. షాకు పళ్లతో కరవదు కదా అంటే ఆయన లేచి వెళ్లిపోతారు. వీధిపిల్లి ఏదో వరదకు మా వసారా ఎక్కి ఉంటుందని నేనే ఒక వాదం చేసి చూశాను. చిరిగిన చెవి, ఊడిన కోర, ఆ కంపు, ఈ మూడూ ఉన్న వీధిపిల్లి మా ఊళ్లో ఇంకొకటి లేదు.

మేస్త్రి మళ్లీ మా ఇంట్లోనే ఉంది. కొత్త ఎర్తు గుంట తవ్వించి ఉప్పూ బొగ్గూ పోయించాం. వైర్ల మీద గొట్టాలు అలాగే ఉన్నాయి. దబ్బకాయ తొక్కలు అత్తగారే మారుస్తున్నారు. చేప తలకాయ ముందు దాని పళ్లెంలో పడ్డాకే మాకు వడ్డన. కొబ్బరి మట్ట పట్టిన ఆయన, అది వస్తుంటే కుర్చీలోంచి లేచి చోటిస్తారు.

మొన్న అది నా ఒడిలో పడుకుని ఆవులించింది. దారం తీసి దాని కోరల మధ్య దూరం కొలిచి, ముంజేతి మీద మచ్చలకు పెట్టి చూశాను. పైన రెండూ సరిపోయాయి. కిందదీ సరిపోయింది.

అత్తగారు మంచం మీంచి చూస్తూనే ఉన్నారు.

"ఏం రాసుందమ్మా నీ పుస్తకాల్లో?"

"ఇది రాయలేదండీ అత్తయ్యగారూ."

"ఆయ్," అని ఆవిడ అటు తిరిగి పడుకున్నారు. నేను దారం చుట్టి పెట్టేశాను.