వంగే విల్లు

కొత్తవాడలో ఖాజా మొహినుద్దీన్ మేడ మీదికి కోతులు రావడం కొత్త సంగతేమీ కాదు. ఆయన భార్య తాహెరా బేగం రాకపోవడమే కొత్త.

వాళ్లది దూది ఏకే ఇల్లు. ఖాజా తాత, తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పరుపుల్లో గడ్డకట్టిన దూదిని పింజి ఇచ్చినవాళ్లు. ఖాజా కూడా మీసం రాకముందే ఆ విల్లు పట్టాడు. ఏకే మిషన్లు వచ్చాక విల్లు గోడెక్కింది గానీ, పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, మళ్లీ కుట్టి ఇచ్చే పని ఆయన చేతిలో మిగిలింది. ఆ ఎండబెట్టడమంతా మేడ మీదే. పొద్దున్నే ఆయన దూది పరిచేవాడు. తాహెరా సన్నటి కర్రతో దాన్ని తిరగేస్తూ, పిట్టగోడ అవతలి శోభారాణితో వాడకట్టు ముచ్చట్లన్నీ తిరగేసేది. శోభారాణి, ఆమె భర్త రాజమౌళి జంపఖానాలు నేస్తారు. రెండు మేడలకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. దాని మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ నడిచేవి, కోపాలు కూడా నడిచేవి.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున తాహెరా మేడ మీద పచ్చి పల్లికాయలు ఒలుస్తూ కూర్చుంది. గండుకోతి ఒకటి గోడ దూకి వచ్చి పళ్లెం పట్టుకుంది. వదిలేస్తే పోయేది. తాహెరా వదల్లేదు. అది పళ్లికిలించి మీదికి వచ్చేసరికి వెనక్కి అడుగేసింది, వెనక మెట్లున్నాయని మరిచిపోయింది. జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దవాఖానలో పట్టీ వేశారు, కొన్నాళ్లకు విప్పారు. చెయ్యి అతుక్కుంది. ఆమె మాత్రం మళ్లీ మెట్లెక్కలేదు.

చలికాలం వచ్చింది. చుట్టూ ఇళ్లు లేచాక వాళ్ల కింది గదిలో పగలు కూడా ట్యూబులైటు వేసుకోవాల్సిందే. తాహెరా శాలువా కప్పుకుని అడుగు మెట్టు మీద కూర్చుని పైకి చూసి అడిగేది.

"ఎండొచ్చిందా?"

"వచ్చింది. మస్తుగుంది. రారాదు?"

"నువ్వు కూసో. నాకు వంటుంది."

వంట అప్పటికే అయిపోయి ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గోడ అవతల శోభారాణి కూడా ఇటు ఒకసారి చూసి, తడిబట్టలు ఆరేసుకుని, పలకరించే మనిషి లేక దిగిపోయేది. ఖాజాకి దూది తిరగేయడం బరువైంది. దూది బరువెంత? అయినా బరువే.

ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. పటాకులు కాల్చాడు. కోతుల సంగతేమో గానీ, వెనకింట్లో పురిటిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చి, ఆ ఇంటి ముసలమ్మ తిట్లు లంకించుకుంది. కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టాడు. కోతులు ఒక పూట భయపడి, రెండో పూట దాన్ని దింపుకుని దాని మీదే కూర్చున్నాయి. రబ్బరు గులేరు పట్టాడు. ఏళ్ల తరబడి విల్లు మోసిన భుజం అది. రబ్బరు లాగి గురి చూసేలోపు చెయ్యి వణికేది. కోతి అది కనిపెట్టింది. ఆయన లాగడం మొదలుపెడితే తీరుబడిగా లేచి, వదిలేసరికి పక్క గోడ మీద ఉండేది.

లాగి పట్టుకోవడం మనిషి పని కాకుండా కొయ్య పని అయితే? ఫోన్లో ఎవరో విదేశీ మనిషి తుపాకిలాంటి చెక్క దండె మీద విల్లును అడ్డంగా బిగించి, నారి లాగి గంటులో తగిలించి, తీరిగ్గా గురి చూసి కొట్టడం చూశాక ఖాజాకి నిద్ర పట్టలేదు. మర్నాడు రాజమౌళి దగ్గర పాత మగ్గం నుంచి ఊడదీసిన టేకు కొయ్య ముక్క అడిగి తెచ్చుకుని, మేడ మీద రంపం, ఉలి, ఆకురాయి ముందేసుకుని కూర్చున్నాడు.

రాజమౌళి గోడ మీద మోచేతులు ఆనించాడు.

"ఏందన్నా, తుపాకా?"

"విల్లు."

"విల్లయితే నిలబడాలె గదా! ఇది పండుకున్నదేంది?"

"పండుకునే కొడ్తది. ఒక్కసారి గుంజి తగిలిచ్చినమంటే ఇగ భుజానికి ఫికర్ లేదు."

"మరి కొట్టేది ఎవర్ని?"

ఖాజా నీళ్ల ట్యాంకు మీద కూర్చుని పేలు చూసుకుంటున్న కోతుల గుంపు వైపు గడ్డం ఎత్తాడు. రాజమౌళి చెంపలు వేసుకున్నాడు.

"రామ రామ! నేను మంగళారం ఒక్కపొద్దుంటా. నా మగ్గం కట్టె మీదికెల్లి పోయిన బాణం హనుమయ్యకు తాకితే నా గతేంది?"

"తాకినా దెబ్బ తగలది. మొనకు ఇనుము పెడ్తలేను, దూది కడ్తాన."

"దూదా?"

"నిమ్మకాయంత. గుడ్డ సుట్టి, దబ్బనంతోని కుడ్త. పుట్టి బుద్దెరిగినకాడ్నించి దూదితోనే బతికిన, ఇప్పుడు వేరే దానితోని ఎందుకు కొడ్త?"

"సరే గని, మంగళారం మాత్రం సెలవియ్యి ఆయినకు," అని రాజమౌళి పనిముట్ల పెట్టెలోంచి చిల్లులు తొలిచే బర్మా కూడా తెచ్చి ఇచ్చాడు.

దండె బాగా కుదిరింది. పైన బాణం జారేందుకు సన్నటి గాడి. గాడి చివర అడ్డంగా గంటు, లాగిన నారి అందులో కూర్చుంటుంది. గంటు అడుగు నుంచి బర్మాతో తొలిచిన రంధ్రం, ఆ రంధ్రంలో చెక్క మేకు. కింద మీట నొక్కితే మేకు లేచి, నారిని గంటులోంచి ఎత్తేస్తుంది. అంతే యంత్రం. ఒంటి మీద బట్ట తగులుకోకుండా దండె అంచులన్నీ ఆకురాయితో తిప్పి తిప్పి అరగదీశాడు.

ఇక విల్లు. ఈ పనిలో తనకి ఎవరూ చెప్పనక్కర్లేదని ఖాజా ధీమా. "కొయ్య కదలొద్దు, నారి ఆగొద్దు" అని వాళ్ల నాయన అనేవాడు. పింజే విల్లుకి అదే గుణం. కొయ్య బండలా నిలబడాలి, కొయ్య గుబ్బతో నారిని కొడితే అది జుమ్మని పాడుతూ ఉండాలి, ఆ అదురుకి దూది విచ్చుకోవాలి. అందుకని పాత మంచం పట్టెను ఏరి, బాడిశతో చెక్కి, వంచి చూసి, వంగలేదని తృప్తిపడి దండెకి బిగించాడు. గోడ మీది విల్లు నుంచి నరం నారి విప్పి తెచ్చి బిర్రుగా కట్టాడు. వేలితో మీటాడు.

జుమ్మ్...

గూళ్లలో పావురాలు లేచాయి. ఖాజా ముఖం వెలిగింది.

బాణం పెట్టాడు. నారి లాగాడు. అది ఎంతకీ వెనక్కి రాలేదు. గంటు ముందుకి జరిపి మళ్లీ తొలిచి, బొటనవేలంత లాగి తగిలించాడు. గండుకోతి వైపు గురి చూసి మీట నొక్కాడు. విల్లు గొప్పగా పాడింది. బాణం దండె చివరి దాకా వచ్చి, అక్కడ కాస్త ఆలోచించి, ఖాజా కాళ్ల దగ్గర పడింది.

గండుకోతి చంక గోక్కుంది.

"సలాం కొట్టిందన్నా నీ బాణం!" అన్నాడు రాజమౌళి. శోభారాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఖాజా నారిని ఇంకా బిగించాడు. పాట పెరిగింది, బాణం మాత్రం కాళ్ల దగ్గరే. మళ్లీ బిగించాడు. ఆ పూటంతా మేడ మీద జుమ్ము జుమ్మని ఒకటే పాట. చివరికి కింది నుంచి తాహెరా కేకేసింది.

"ఇగో! ఎవరి పరుపులొచ్చినయ్?"

"ఎవరియి రాలే."

"మరి పింజుతానవ్ గదా?"

"పింజుతలేను! బాణం ఇడుస్తాన!"

తాహెరా నవ్వు దాచుకుంటున్న గొంతుతో అంది. "అది పింజే సప్పుడే. పెండ్లయి వచ్చినకాడ్నించి ఇంటాన, నాకు తెల్వదా? బాణం ఇడిసే విల్లు గట్ల మొత్తుకోదు. కేసముద్రంల మా అన్న జొన్నసేన్లకు సిలుకలొస్తే వెదురు విల్లు పట్టేటోడు. టప్పుమని ఒక్కటే సప్పుడు. గుంజితే రెండు కొసలు దగ్గరకొచ్చేటియి."

"దగ్గరకొచ్చేటియా?"

"రాకపోతే బాణం దేనితోని ఉరుకుతది? నీ కొయ్య వంగుతాందా అసలు?"

ఖాజా విల్లు పట్టుకుని పై మెట్టు మీద కూలబడ్డాడు. మంచం పట్టె వంక చూశాడు. అది వంగలేదని కదా తాను మురిసిపోయింది!

"ఏందయ్యా, వంగుతాందా లేదా?"

"వంగుతలేదు," అన్నాడు ఆయన, దొంగ దొరికినట్టు.

రాజమౌళి వెదురు తెచ్చాడు. ఖాజా దాన్ని నిలువునా చీల్చి, లోపలి కణుపులు గోకి, బద్దలు చేశాడు. పొడుగు బద్ద మీద కాస్త పొట్టిది, దాని మీద ఇంకా పొట్టిది పేర్చి, లారీ కింది కమాను పట్టీల్లాగా దొంతర కట్టాడు. జంపఖానా పడుగు నూలు తడిపి దగ్గర దగ్గరగా చుట్టాడు, ఆరితే అదే బిగుసుకుంటుందని రాజమౌళి చెప్పాడు. నారి కూడా ఆ నూలే. పేటలు కలిపి పేని, కొవ్వొత్తి రుద్దాడు. గంటు బాగా వెనక్కి జరిపాడు. దండె ముందు ఒక తాడు మెలిక కట్టాడు. అందులో పాదం పెట్టి, రెండు చేతులా నారి పట్టుకుని నిటారుగా లేస్తే చాలు, భుజంతో పని లేదు.

మొదటిసారి లాగినప్పుడు వెదురు కిర్రుమంది. ఖాజా కళ్లు మూసుకున్నాడు.

"కొయ్య వంగుతాంటే నా పానం పోతాంది, తాహెరా!" అని కిందికి కేకేశాడు.

"పోనీ! వంగనియ్యి!"

బట్టల తీగకి పాత పరుపు వేలాడదీసి, మీట నొక్కాడు. టప్. పరుపు మధ్యలో గుంట పడి దుమ్ము లేచింది. బాణం మేడ ఇటు కొస నుంచి అటు కొసకి పోయింది. శోభారాణి చప్పట్లు కొట్టింది.

బుధవారం పొద్దున గుంపు దిగింది. ఖాజా లాగి తగిలించి, తీరిగ్గా గురి చూశాడు. బాణం గండుకోతికి తగల్లేదు, దాని పక్కన ఖాళీ నీళ్ల ట్యాంకుకి తగిలింది. ఢామ్మని మోగిన ఆ మోతకి గుంపంతా గోడలు, తీగలు, చెట్టుకొమ్మలు పట్టుకుని చెల్లాచెదురైంది. ఖాజా పరుగున మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆయాసం కూడా తెలియలేదు.

"తాహెరా! పోయినయ్! ఒక్కటి లేదు! రా!"

ఆమె అడుగు మెట్టు మీదే ఉంది. లేవలేదు.

"మల్ల రావా అయి?"

"వస్తయ్. వస్తే మల్ల కొడ్త."

"నువ్వు కొడ్తవ్. నువ్వు బజారుకు పోయినంక? నమాజుకు పోయినంక?"

ఖాజాకి ఇన్నాళ్ల పని, చేతుల బొబ్బలు, వెదురు పుల్ల గుచ్చుకున్న వేలు, అన్నీ ఒక్కసారి నొప్పి పెట్టాయి. విల్లు ఒళ్లో పెట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. పైన ఆయన, కింద ఆమె, మధ్య మెట్లు.

"ఎట్లున్నదది? సూపియ్యి జర," అంది తాహెరా.

ఆయన దిగి వచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. తాహెరా దాన్ని అటూ ఇటూ తిప్పింది. నున్నటి అంచుల మీద వేలు నడిపింది. టీవీలో పోలీసుల్లాగా భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, గోడ మీది క్యాలెండరుకి గురి పెట్టింది. మీట కోసం చెయ్యి చాచింది. అందలేదు. మెడ వంచింది, ముందుకి జరిగింది. అయినా అందలేదు.

"ఇది నీ సేతికి జేసుకున్నవ్."

"నీ కొరకే గదా జేసిన!"

"నా కొరకు జేసినవ్. నా సేతికి జెయ్యలే."

ఖాజా ఆమె వంక చూశాడు, దండె వంక చూశాడు. పరుపులు కుట్టే దారం తెచ్చి, ఆమె మోచేతి నుంచి వేలికొసల దాకా కొలిచాడు. దండెని అడుగు మెట్టు మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, తాను అంత మురిపెంగా అరగదీసిన వెనక భాగం మీద రంపం పెట్టాడు.

"అయ్యో, గట్ల కోస్తానవేందయ్యా, మంచిగున్నదాన్ని!"

"మంచిగనే కోస్తాన."

పొట్టి దండె ఆమె చంకలో అమిరింది. వేలు మీటని అందుకుంది. అప్పుడు ఆమె తాడు మెలికలో పాదం పెట్టి నారి పట్టుకుని చూసింది. అతుక్కున్న మణికట్టు ఒప్పుకోలేదు.

"గుంజుడు నాతోని కాదు."

"గుంజుడు నాది. ఇడుసుడు నీది."

"అయితే ఇద్దరం ఉండాలె మీద."

"ఉందాం. నేను బజారుకు పోయినప్పుడు శోభారాణి గుంజుతది. మగ్గం తొక్కే మనిషి, ఆమెకొక లెక్కనా?"

తాహెరా శాలువా బిగించుకుంది. విల్లు చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని, మొదటి మెట్టు ఎక్కింది. ఖాజా ముందు నడవబోతే మోచేత్తో పక్కకి నెట్టింది. తాను జారిపడిన పై మెట్ల దగ్గర ఆగింది. ఆయన వెనక ఆగాడు. ఆమె ఊపిరి పీల్చుకుని మిగతావి కూడా ఎక్కేసింది.

మేడ నిండా ఎండ.

"అక్కా!" అని శోభారాణి తడిబట్ట అక్కడే వదిలేసి గోడ దగ్గరికి ఉరికింది. "ఎన్నొద్దులాయెనే నీ మొకం సూశి!"

"మాటలు తర్వాత, శోభా. అగో, వచ్చింది."

ట్యాంకు మీద గండుకోతి ఒక్కటే, ఏం జరుగుతుందో చూద్దామన్నట్టు కూర్చుంది. ఖాజా తాడులో పాదం పెట్టి నారి లాగి తగిలించి, బాణం పెట్టి ఇచ్చాడు. తాహెరా గురి చూసింది. ఒక కన్ను మూయబోయి రెండూ మూసింది. మీట నొక్కింది.

బాణం కోతి తల మీదుగా, ట్యాంకు మీదుగా, రాజమౌళి వాళ్ల పిట్టగోడ మీదుగా ఎగిరి ఎవరి వాకిట్లోనో పడింది. గండుకోతి తల తిప్పి బాణం పోయిన వైపు చూసింది. మళ్లీ తాహెరాను చూసింది. ఈసారి ఆమె వెనక్కి అడుగు వెయ్యలేదు. అది మెల్లగా లేచి, ట్యాంకు దిగి, కరెంటు తీగ అందుకుంది.

"బాణం పోయిందే," అన్నాడు ఖాజా, గోడ మీద నుంచి కిందికి వంగి వెతుకుతూ.

తాహెరా కళ్లు తీగ మీదే ఉన్నాయి. "పోతే పోనియ్యి. ఇంకోటి గుంజు," అంది.